గిట్ క్లీన్ కొట్టే ముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో ఇంజనీరింగ్, ఎంసీఏ విద్యార్థుల కోసం జరిగిన గిట్ శిక్షణలో మధ్యాహ్నం చేసిన ప్రసంగం ఇది. గిట్ అంటే ప్రోగ్రాం ఫైళ్ళలో మార్పుల చరిత్రని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. భోజనాలు అయ్యాయి కదా? బయట ఎండ కూడా గట్టిగానే ఉంది. నేను చెప్పేది తగ్గించి, స్క్రీన్ మీద చేసి చూపించేది ఎక్కువ పెట్టుకుంటాను. వెనక వరసలో వాళ్ళకి అక్షరాలు కనిపిస్తున్నాయా? లేదంటే చెప్పండి, ఇంకొంచెం పెద్దవి చేస్తాను. ఇప్పుడు? సరే.

పొద్దున మీరు యాడ్, కమిట్, బ్రాంచి, మెర్జ్ అన్నీ చూశారు. కమిట్ అంటే ఫైళ్ళ అప్పటి రూపాన్ని గిట్‌లో భద్రపరచడం, బ్రాంచి అంటే విడిగా సాగే కమిట్ల వరస. నేను మాత్రం ఒక్క కమాండు గురించే మాట్లాడతాను, గిట్ దగ్గర లేని ఫైళ్ళని ఫోల్డర్‌లోంచి తీసేసేది. గిట్ క్లీన్. ఒక్క కమాండుకి ఇంతసేపు అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమే. ఎందుకో ముందు చెబుతాను, తర్వాత చూపిస్తాను.

గిట్‌లో ఏదో పొరపాటు చేశామని మీకు టెన్షన్ వస్తుంది. నిజానికి చాలా పొరపాట్ల నుంచి వెనక్కి రావచ్చు. ఒక కమిట్ చేశారు, తర్వాత అది వద్దనుకుని, పాత కమిట్ దగ్గరికి తీసుకెళ్ళే రీసెట్ హైఫన్ హైఫన్ హార్డ్ కొట్టారు. ఆ కమిట్ పోయిందా? పోలేదు. గిట్ రెఫ్‌లాగ్ అని కొడితే పాత కమిట్ నంబరు కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చు. మామూలు సెట్టింగుల్లో రెఫ్‌లాగ్ ఎంట్రీలు 90 రోజులు ఉంటాయి. బ్రాంచి కొస నుంచి చేరుకోలేని కమిట్లవైతే 30 రోజులు. అంటే మీరు తప్పు చేసిన రోజే కాదు, వారం తర్వాత గుర్తొచ్చినా పనవుతుంది. బ్రాంచి డిలీట్ చేసినా అంతే. కమిట్ ఉందంటే దారి ఉంది.

కమిట్ చేయని మార్పుల మీద రీసెట్ హార్డ్ కొడితే ఆ మార్పులు పోతాయి, అది నిజం. కానీ ఆ ఫైలు పాత రూపమైనా మీ దగ్గర మిగులుతుంది. గిట్ క్లీన్ అలా కాదు. అది తీసేసేది గిట్ దగ్గర ఎప్పుడూ లేని ఫైళ్ళని. పాత రూపం ఉండదు, కొత్త రూపం ఉండదు, రెఫ్‌లాగ్‌లో ఎంట్రీ ఉండదు. విండోస్‌లో అయినా రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, నేరుగా డిస్క్ మీద నుంచి తీసేస్తుంది. అందుకే దీనికి ఇంత సమయం తీసుకుంటున్నా.

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టినప్పుడు, లినక్స్ కెర్నల్ వాళ్ళకి అప్పటిదాకా ఉచితంగా దొరికిన బిట్‌కీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే ఇక దొరకని పరిస్థితి. అదే ఏడాది జూలైలో జూనియో హమానో నిర్వహణ బాధ్యత తీసుకున్నారు, అప్పటి నుంచీ ఆయనే చూస్తున్నారు. చరిత్ర ఇంతకంటే వద్దు. మనకి కావలసింది ఒక్కటే. గిట్ మొదటి రోజు నుంచీ ఒక పద్ధతి మీద నడుస్తోంది: మీరు యాడ్ చేసిందే దాని దగ్గరికి వెళ్తుంది. ఫోల్డర్‌లో ఫైలు ఉన్నంత మాత్రాన గిట్ దాన్ని దాచిపెట్టదు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఈ రోజు కోసం ఒక నమూనా ప్రాజెక్టు తయారుచేశాను. ఫోల్డర్ పేరు మామిడి. దామలచెరువు మామిడి మండీలో తోతాపురి ఎంత పలికింది, బేనీషా ఎంత పలికింది, నీలం ఎంత అని చూపించే చిన్న పైథాన్ ప్రోగ్రాం అనుకోండి. ఇందులో గిట్ స్టేటస్ హైఫన్ ఎస్ కొడుతున్నా. చిన్న రూపంలో చూపిస్తుంది.

మొదటి లైన్లో ఎం అనే అక్షరం ఉంది, మెయిన్ ఫైలు పక్కన. అది ట్రాక్ అయిన ఫైలు, అంటే గిట్ దగ్గర ఉన్నది, అందులో మార్పు ఉంది. దాని జోలికి క్లీన్ రాదు. కింద చూడండి, నాలుగు లైన్ల ముందు రెండేసి ప్రశ్న గుర్తులు ఉన్నాయి. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు, ధరలు డాట్ సీఎస్వీ, స్లిప్పులు అనే ఫోల్డర్. ఇవే అన్‌ట్రాక్డ్. ఇవి ఏంటో గిట్‌కి తెలియదు. పనికొచ్చేవో చెత్తో కూడా తెలియదు. ఎవరికి తెలుసు? మీకే.

ఇంకో రకం కూడా ఉంది. గిట్ స్టేటస్ హైఫన్ ఎస్ పక్కన హైఫన్ హైఫన్ ఇగ్నోర్డ్ కలిపి కొడుతున్నా. ఇప్పుడు కొత్తగా కొన్ని లైన్లు వచ్చాయి, ముందు రెండేసి ఆశ్చర్యార్థకాలతో. డాట్ ఎన్వ్ ఉంది, వెన్వ్ ఫోల్డర్ ఉంది, పైక్యాష్ ఉంది, మండీ డాట్ డీబీ అని ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు ఉంది. ఇవి కూడా ట్రాక్ కానివే, కాకపోతే వీటిని పట్టించుకోవద్దని డాట్ గిట్‌ఇగ్నోర్ అనే ఫైల్లో మనం రాసిపెట్టాం కాబట్టి మామూలు స్టేటస్‌లో కనిపించవు. ఈ రెండు గుర్తుల తేడా గుర్తుపెట్టుకోండి. ప్రశ్న గుర్తులు ఒక గుంపు, ఆశ్చర్యార్థకాలు ఇంకో గుంపు.

సరే, ఈ ప్రశ్న గుర్తులవి తీసేయాలి. గిట్ క్లీన్ అని ఉత్తగా కొడుతున్నా. ఏమైంది? ఏమీ తీసేయలేదు, ఎర్రర్ ఇచ్చింది. క్లీన్ డాట్ రిక్వైర్‌ఫోర్స్ అనే సెట్టింగు ఉంది, అది డిఫాల్టుగా ట్రూలో ఉంటుంది. ఫోర్స్ చెప్పందే తీసేయను అంటోంది. చాలామంది ఇది అడ్డం అనుకుని ఆ సెట్టింగుని ఫాల్స్ చేసేస్తారు. దయచేసి చేయకండి. గిట్ మీకు ఇచ్చిన మొదటి తాళం అది. ఉన్నది ఉండనివ్వండి.

ఇప్పుడు గిట్ క్లీన్ హైఫన్ ఎన్. ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు, ఏదీ పోదు. చూడండి, వుడ్ రిమూవ్, వుడ్ రిమూవ్ అని మూడు లైన్లు. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు, ధరలు డాట్ సీఎస్వీ. స్లిప్పులు ఫోల్డర్ ఏది? రాలేదు. ఎవరైనా చెప్పండి, ఎందుకు రాలేదు? అవునమ్మా, సరిగ్గా చెప్పావు. డి ఇవ్వలేదు. హైఫన్ డి ఇవ్వకపోతే పూర్తిగా అన్‌ట్రాక్డ్ అయిన ఫోల్డర్ల లోపలికి వెళ్ళదు.

ఎన్ డి కలిపి కొడతా. ఇప్పుడు స్లిప్పులు కూడా వచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. స్లిప్పులు అని ఒక్క లైనే వచ్చింది, చివర స్లాష్‌తో. దాని లోపల ఎన్ని ఫైళ్ళు ఉన్నాయో ఈ లైన్ చెప్పిందా? చెప్పలేదు. లోపల రెండు ఫైళ్ళు ఉన్నా ఒకే లైన్, రెండు వేలున్నా ఒకే లైన్. పైపైన చూసి, ఓ నాలుగు లైన్లే కదా అని ఎంటర్ కొట్టేస్తాం. కాబట్టి లిస్టులో స్లాష్‌తో ముగిసే పేరు కనిపిస్తే లోపల ఏముందో తెరిచి చూడాలి. గిట్ ఎల్ఎస్ ఫైల్స్ హైఫన్ హైఫన్ అదర్స్ హైఫన్ హైఫన్ ఎక్స్‌క్లూడ్ స్టాండర్డ్ అని కొడితే ఒక్కో ఫైలూ విడిగా వస్తుంది. కొంచెం పొడుగు కమాండు. అంత గుర్తుండదు అనుకుంటే గిట్ స్టేటస్ హైఫన్ యూ ఆల్ అనండి, అది కూడా ఫోల్డర్లని విప్పి చూపిస్తుంది.

కొట్టాను, చూడండి. స్లిప్పుల్లో మండీ చీటీల ఫొటోలు. ఇక ధరలు డాట్ సీఎస్వీ తెరుస్తున్నా. తేదీ, రకం, టన్ను ధర. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరో ఒకరు ఆ చీటీలు ముందు పెట్టుకుని ఒక్కో అంకె చేత్తో కొట్టారు. ఏ వెబ్‌సైటు నుంచీ డౌన్‌లోడ్ చేసింది కాదు. టెస్ట్ ఒకటి చూడండి, రెండు ప్రింట్ లైన్లు ఉన్నాయి, అంతే. ఈ రెండూ స్టేటస్‌లో పక్కపక్కనే, ఒకే ప్రశ్న గుర్తులతో ఉన్నాయి. క్లీన్‌కి రెండూ ఒకటే. ఒక సీజన్ మొత్తం పడ్డ కష్టం, రెండు నిమిషాల్లో రాసి పారేసిన టెస్టు, రెండూ ఒకే వేగంతో పోతాయి.

ఇప్పుడు ఏం చేయాలి? ధరల ఫైలుని యాడ్ చేసి కమిట్ చేయాలి. చిన్న ఫైలే, రహస్యమేమీ లేదు, ప్రాజెక్టుకి కావలసిందే. ఫొటోలు పెద్దవైతే రిపోజిటరీలో, అంటే గిట్ అన్నీ దాచే చోట, వద్దు, ప్రాజెక్టు బయట ఇంకో చోట పెట్టుకోండి. ఆ రెండూ అయ్యాకే తీసేయడం.

తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఈ వరస చెప్పడం తేలిక. తిరుమలలో ఏడాదికి నాలుగు సార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు మామూలుగా మంగళవారం పెట్టుకుంటారు. గుడి అంతా శుద్ధి చేసే రోజు. ఆ రోజు రాగానే నీళ్ళు చల్లరు. గర్భాలయంలోని మిగతా విగ్రహాలు, పూజా సామగ్రి ముందు బయటికి తెస్తారు. మూలవిరాట్టుకి వస్త్రం కప్పుతారు. అప్పుడే గోడలు, పైకప్పు కడగడం. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, గడ్డకర్పూరం కలిపిన పరిమళ జలం చల్లడం కూడా ఆ తర్వాతే. మీరూ అదే వరస పాటించండి. కావలసినవి కమిట్ చేయండి, కమిట్ చేయకూడనివి బయట దాచండి, ఆ తర్వాతే క్లీన్.

చేస్తున్నాను చూడండి. ధరల ఫైలు కమిట్ అయింది. ఫొటోలు పక్క ఫోల్డర్‌కి పంపాను. మళ్ళీ ఎన్ డి. ఇప్పుడు టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు మాత్రమే. ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి. పై బాణం కొట్టండి, పాత కమాండు వస్తుంది. అందులో ఎన్ తీసి ఎఫ్ పెట్టండి. మిగతా అక్షరాలు ముట్టుకోవద్దు. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, చాలామంది ఎన్ ఒక్కటే ఇచ్చి చూస్తారు, లిస్టు చిన్నగా ఉంటుంది, ధైర్యం వస్తుంది. తీసేసేటప్పుడు మాత్రం ఎఫ్ డి ఎక్స్ అని మూడూ కలిపి కొడతారు. చూసింది ఒక లిస్టు, తీసేసింది ఇంకో లిస్టు. అలాంటప్పుడు చూసి ఏం లాభం? ఏ అక్షరాలతో చూశారో అవే అక్షరాలతో తీసేయండి.

ఇంకొకటి. మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి కొట్టారో అక్కడి నుంచి కిందికే క్లీన్ పనిచేస్తుంది. పైన ఉన్నవి ముట్టుకోదు. కమాండు చివర ఫోల్డర్ పేరో ఫైలు పేరో ఇస్తే అంతవరకే. మొత్తం ప్రాజెక్టు మీద కాకుండా, ఒక బిల్డ్ ఫోల్డర్ మీదే, అంటే కోడ్ నుంచి తయారైన ఫైళ్ళుండే ఫోల్డర్ మీదే కొట్టడం చాలాసార్లు సరిపోతుంది. నాకైతే అదే నచ్చుతుంది.

ఆశ్చర్యార్థకాల గుంపు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చిన్న ఎక్స్. ఇప్పటిదాకా మనం తీసిందంతా ప్రశ్న గుర్తులవే. ఇగ్నోర్ చేసినవి అలాగే ఉన్నాయి. హైఫన్ చిన్న ఎక్స్ ఇస్తే గిట్‌ఇగ్నోర్‌ని పక్కన పెట్టేస్తుంది, అందులో ఉన్నవి కూడా తీసేస్తుంది. పెద్ద ఎక్స్ ఇంకోటి ఉంది, అది ఇగ్నోర్ చేసినవి మాత్రమే తీసేస్తుంది, మీరు కొత్తగా రాసిన అన్‌ట్రాక్డ్ ఫైళ్ళని వదిలేస్తుంది. షిఫ్ట్ కీ ఒక్కటే తేడా.

నెట్‌లో వెతికితే, బిల్డ్ సరిగా రావట్లేదు అనగానే గిట్ క్లీన్ ఎఫ్ డి ఎక్స్ కొట్టు అని చెబుతారు. బిల్డ్ సరవుతుంది, నిజమే. కానీ మీ గిట్‌ఇగ్నోర్ ఒక్కసారి తెరిచి చూడండి. అందరూ చూడండి, మీ ప్రాజెక్టులోదే. అందులో ఉన్నవన్నీ ఒకే రకమా?

నోడ్ మాడ్యూల్స్ ఉంది. పోతే ఏమవుతుంది? ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే మళ్ళీ వస్తుంది. హాస్టల్ వైఫైలో కాస్త ఆలస్యమవుతుంది, అంతే. పైక్యాష్ పోతే పైథాన్ తనే మళ్ళీ తయారుచేసుకుంటుంది. వెన్వ్ పోతే రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉంటే మళ్ళీ కట్టుకోవచ్చు. జావా వాళ్ళ టార్గెట్ ఫోల్డరూ అంతే.

అదే గిట్‌ఇగ్నోర్‌లో, కింది లైన్లోనే డాట్ ఎన్వ్ ఉంది. అందులో ఏపీఐ కీలు, డేటాబేస్ పాస్‌వర్డు. పోతే ఏ కమాండు తెచ్చిస్తుంది? ఏదీ తేలేదు. మండీ డాట్ డీబీ, అందులో మీరు పరీక్ష కోసం పెట్టుకున్న డేటా. ఏ కమాండు తెచ్చిస్తుంది? యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫొటోలు ఉండే మీడియా ఫోల్డర్? ఆండ్రాయిడ్ చేసేవాళ్ళు, మీ కీస్టోర్ ఫైలు ఎక్కడుంది? ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉందా? చేతులెత్తండి. చూశారా, ఎంతమందో.

కీస్టోర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. యాప్‌కి మీరు సంతకం పెట్టేది ఆ కీతోనే. దాన్ని రిపోజిటరీలోకి ఎక్కించకూడదని సరిగ్గానే ఇగ్నోర్‌లో పెడతారు. సంతకం కీని గూగులే తన దగ్గర ఉంచుకునే ప్లే యాప్ సైనింగ్ వాడుతూ ఉంటే, పోయింది అప్‌లోడ్ కీ మాత్రమే అయితే, గూగుల్‌ని అడిగి రీసెట్ చేయించుకోవచ్చు. అది వాడకుండా సంతకం కీ మీ దగ్గరే ఉంచుకుని, అదే పోగొట్టుకుంటే? ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ ఇవ్వలేరు. కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టుకోవాలి. పాత యాప్ వేసుకున్నవాళ్ళందరూ అక్కడే ఆగిపోతారు. ఒక్క ఎక్స్ అక్షరం వల్ల.

అర్థమైందా? ఒకే గిట్‌ఇగ్నోర్‌లో రెండు రకాలున్నాయి. పోతే మళ్ళీ తయారయ్యేవి, పోతే మళ్ళీ రానివి. ఈ తేడా గిట్‌కి చెప్పే వీలు ఆ ఫైల్లో లేదు. ఇగ్నోర్ చేశామంటే, పోయినా పర్వాలేదు అన్నట్టే గిట్ లెక్కేసుకుంటుంది. క్లీన్ ఒక్కటే కాదు, బ్రాంచి మార్చేటప్పుడు కూడా అంతే. కొత్త బ్రాంచిలో అదే పేరుతో ట్రాక్ అయిన ఫైలు ఉంటే, మీ దగ్గరున్న ఇగ్నోర్డ్ ఫైలు మీద చెప్పకుండా రాసేస్తుంది. అన్‌ట్రాక్డ్ ఫైలైతే ఆగి ఎర్రర్ ఇస్తుంది, ఇగ్నోర్డ్ అయితే ఆగదు. ఇది చాలామంది ఎప్పుడూ గమనించరు.

కాబట్టి నా మాట ఇది. మళ్ళీ రానివి ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక్క కాపీగా ఉండకూడదు. డాట్ ఎన్వ్‌కి ఇంకో కాపీ పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి. కీలన్నీ ఖాళీగా ఉంచి డాట్ ఎన్వ్ డాట్ ఎగ్జాంపుల్ అని ఒకటి కమిట్ చేయండి, ఏమేం కావాలో కొత్తగా వచ్చినవాళ్ళకీ తెలుస్తుంది. కీస్టోర్ ప్రాజెక్టు బయట ఉంచండి, దానికి ఇంకో చోట బ్యాకప్ ఉంచండి. డేటాబేస్‌లో డేటా నింపే స్క్రిప్టు రాసి కమిట్ చేయండి. ఇవన్నీ చేశాక ఎఫ్ డి ఎక్స్ కొట్టినా మీకు భయం ఉండదు. చేయకపోతే కొట్టకండి.

మరీ కొట్టాల్సి వస్తే హైఫన్ ఈ ఉంది. గిట్ క్లీన్ ఎన్ డి ఎక్స్, హైఫన్ ఈ, డాట్ ఎన్వ్. ఆ ఒక్కదాన్ని వదిలేయమని చెప్పడం. రెండు మూడు ఉంటే హైఫన్ ఈ అన్నిసార్లు ఇవ్వొచ్చు. స్టార్ గుర్తు వాడితే కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్, అంటే మీరు కమాండ్లు కొట్టే ప్రోగ్రాం, దాన్ని ముందే విప్పేస్తుంది.

మరి శుభ్రమైన బిల్డ్ కావాలంటే? నా ల్యాప్‌టాప్‌లో వస్తోంది, సర్‌ది రావట్లేదు అని మీ ప్రాజెక్టు రివ్యూల్లో వినే మాటే కదా. దానికోసం ఉన్న ఫోల్డర్‌ని ఊడ్చక్కర్లేదు. గిట్ వర్క్‌ట్రీ యాడ్ అని, 2015 నుంచి ఉంది. పక్కన ఇంకో ఫోల్డర్‌లో అదే రిపోజిటరీ నుంచి కొత్త కాపీ తీసిస్తుంది. అందులో అన్‌ట్రాక్డ్ ఏమీ ఉండదు. అక్కడ బిల్డ్ చేయండి, వస్తే వచ్చింది, రాకపోతే మీరు ఏ ఫైలు కమిట్ చేయడం మర్చిపోయారో అక్కడే తెలిసిపోతుంది. పని అయ్యాక ఆ ఫోల్డర్ తీసేయండి. మీ అసలు ఫోల్డర్‌కి ఏమీ కాదు. నేను ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను.

బిల్డ్ సర్వర్ల సంగతి వేరు. గిట్‌హబ్ వాళ్ళ బిల్డ్ సర్వీసు గిట్‌హబ్ యాక్షన్స్‌లో, కోడ్ తెచ్చుకునే చెకౌట్ స్టెప్ డిఫాల్టుగా క్లీన్ ఎఫ్ ఎఫ్ డి ఎక్స్, ఆ తర్వాత రీసెట్ హార్డ్ నడుపుతుంది. అక్కడ అది సరైనదే, ఎందుకంటే అక్కడ మనిషి కూర్చుని ఏదీ రాయడు. రెండు ఎఫ్‌లు గమనించారా? అన్‌ట్రాక్డ్ ఫోల్డర్ లోపల ఇంకో గిట్ రిపోజిటరీ ఉంటే, ఒక్క ఎఫ్‌తో క్లీన్ దాన్ని దాటేస్తుంది. రెండు ఎఫ్‌లు ఇస్తేనే తీసేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరు అలా లోపల క్లోన్ చేసి పెట్టుకున్నది వేరే ప్రాజెక్టు కావచ్చు, అందులో ఇంకా సర్వర్‌కి పంపని, అంటే పుష్ చేయని కమిట్లు ఉండొచ్చు. కాబట్టి సర్వర్ స్క్రిప్టులో ఉన్న కమాండుని కాపీ చేసి మీ ఫోల్డర్‌లో కొట్టకండి. దానికి పొట్టి పేరు పెట్టి అలియాస్ చేసుకోవడం అసలే వద్దు.

తీసేయాలో వద్దో తేల్చుకోలేకపోతే స్టాష్ చేయండి. గిట్ స్టాష్ హైఫన్ యూ. మామూలు స్టాష్ అన్‌ట్రాక్డ్ ఫైళ్ళని ముట్టుకోదు, యూ ఇస్తే వాటిని కూడా తీసి దాస్తుంది. ఫోల్డర్ శుభ్రం అవుతుంది, ఫైళ్ళు గిట్ లోపల ఉంటాయి. వారం చూశాక అవసరం లేదనిపిస్తే డ్రాప్ చేయండి. కానీ స్టాష్ పుష్‌తో పాటు వెళ్ళదు, మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. బ్యాకప్ అనుకోవద్దు.

హైఫన్ ఐ కూడా ఒకసారి చూపిస్తా. గిట్ క్లీన్ హైఫన్ ఐ డి. చూడండి, ముందు ఏమేం పోతాయో చూపించి, కింద ఆరు ఎంపికలు ఇచ్చింది. క్లీన్, ఫిల్టర్ బై ప్యాటర్న్, సెలెక్ట్ బై నంబర్స్, ఆస్క్ ఈచ్, క్విట్, హెల్ప్. నాలుగు కొడుతున్నా. ఇప్పుడు ఒక్కో ఫైలు చూపించి తీసేయనా అని అడుగుతోంది. వై అంటేనే తీస్తుంది, ఉత్త ఎంటర్ కొడితే వదిలేస్తుంది. మొదట్లో కొన్నాళ్ళు దీన్నే వాడండి. నెమ్మదే, కానీ ప్రతి ఫైలు పేరూ కళ్ళారా చదువుతారు.

అడిగిన ప్రశ్నలు

అక్కడ ఎవరో చేయెత్తారు. చెప్పప్పా. పొరపాటున కొట్టేస్తే ఏం చేయాలి అని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న, నేనే చెప్పాల్సింది. మొదట, ఆ ఫోల్డర్‌లో కొత్తగా ఏమీ రాయకుండా ఆగండి. ఆ ఫైలుని ఎప్పుడైనా గిట్ యాడ్ చేశారా? చేసి తర్వాత అన్‌స్టేజ్ చేసినా, అంటే ఆ యాడ్‌ని వెనక్కి తీసుకున్నా సరే, యాడ్ చేసిన క్షణాన ఉన్న రూపం గిట్ లోపల ఉండిపోతుంది. గిట్ ఎఫ్ఎస్‌సీకే హైఫన్ హైఫన్ లాస్ట్ ఫౌండ్ కొడితే అలాంటివి డాట్ గిట్ లోపల లాస్ట్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. ఫైలు పేర్లు ఉండవు, తెరిచి చూసి పోల్చుకోవాలి. మామూలుగా రెండు వారాలు దాటాక గిట్ వాటిని తీసేసే అవకాశం ఉంది, కాబట్టి వెంటనే చేయండి. యాడ్ కూడా చేయలేదంటే ఎడిటర్‌ని చూడండి. వీఎస్ కోడ్‌లో టైమ్‌లైన్ ఉంది, 2022 నుంచి మీరు ఆ ఎడిటర్‌లో సేవ్ చేసిన పాత రూపాలు అందులో ఉంటాయి, ప్రాజెక్టు ఫోల్డర్ బయట. ఇంటెల్లిజే, పైచార్మ్ వాటిల్లో లోకల్ హిస్టరీ ఉంది. ఇవి రెండూ లేకపోతే డిస్క్ రికవరీ ప్రోగ్రాములు. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాపుల్లో వాటి మీద ఆశ పెట్టుకోకండి, తీసేసిన చోటుని డిస్క్ తనే ఖాళీ చేసేసుకుంటుంది.

ఇంకో ప్రశ్న, ఈ పక్క నుంచి. ముందే ట్రాక్ అయిన ఫైలుని ఇప్పుడు గిట్‌ఇగ్నోర్‌లో రాస్తే క్లీన్ దాన్ని తీసేస్తుందా? తీయదు తల్లీ. ట్రాక్ అయి ఉన్నంతసేపు గిట్‌ఇగ్నోర్ దానికి వర్తించదు. గిట్ ఆర్ఎం హైఫన్ హైఫన్ క్యాష్డ్ కొట్టి కమిట్ చేశాక అది ఇగ్నోర్డ్ గుంపులోకి వస్తుంది, అప్పటి నుంచి చిన్న ఎక్స్‌కి దొరుకుతుంది. ఇక్కడ మీ టీం వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి. మీ దగ్గర ఫైలు మిగులుతుంది. కానీ ఆ కమిట్‌ని పుల్ చేసుకున్నవాళ్ళ ఫోల్డర్‌లోంచి ఆ ఫైలు పోతుంది. కాబట్టి పుష్ చేసే ముందు టీం గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి, కాపీ తీసి పెట్టుకోమని. పోయాక కూడా పాత కమిట్ నుంచి తెచ్చుకోవచ్చు, అది వేరే విషయం. అందులో పాస్‌వర్డు ఉండి, ఇప్పటికే పుష్ అయి ఉంటే, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డు మార్చండి.

ఒక ఫైలు ఎందుకు ఇగ్నోర్ అవుతోందో తెలియడం లేదంటున్నారు. గిట్ చెక్ ఇగ్నోర్ హైఫన్ వి, ఫైలు పేరు. ఏ ఫైల్లో ఏ లైన్ వల్లో నంబరుతో సహా చెబుతుంది. ప్రాజెక్టులో ఉన్న గిట్‌ఇగ్నోర్ ఒక్కటే కాదు, డాట్ గిట్ లోపల ఇన్ఫో ఎక్స్‌క్లూడ్ అని ఒకటుంది, మీ మొత్తం ల్యాప్‌టాప్‌కి ఒకటి పెట్టుకోవచ్చు.

గిట్ బదులు సబ్‌వెర్షన్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసులు ఇంకా ఉన్నాయి, అక్కడ చేరితే ఏంటని అడిగారు. అక్కడ 1.9 వెర్షన్ నుంచి ఎస్‌వీఎన్ క్లీనప్ హైఫన్ హైఫన్ రిమూవ్ అన్‌వెర్షన్డ్ ఉంది. ఇగ్నోర్ చేసినవాటికి విడిగా ఇంకో ఆప్షన్. జాగ్రత్త మాత్రం ఇదే జాగ్రత్త.

విండోస్ వాళ్ళకి ఒక మాట. క్లీన్ మధ్యలో, ఫలానా ఫైలు తీయలేకపోయాను, మళ్ళీ ప్రయత్నించనా అని అడిగితే, ఆ ఫైలుని ఇంకేదో ప్రోగ్రాం తెరిచి ఉంచిందని అర్థం. ఎడిటరో, నడుస్తున్న సర్వరో. అది మూసి వై కొట్టండి.

సరే, ఇక మీ వంతు. ల్యాప్‌టాపులు తెరవండి, మీ సొంత ప్రాజెక్టులోకి వెళ్ళండి. గిట్ స్టేటస్ హైఫన్ ఎస్ హైఫన్ హైఫన్ ఇగ్నోర్డ్ కొట్టండి. క్లీన్ ఎవరూ కొట్టొద్దు ఇప్పుడు. ఆశ్చర్యార్థకాలున్న ప్రతి లైన్ పక్కన కాగితం మీద రాయండి, అది మళ్ళీ వస్తుందా, రాదా. రాదు అని రాసినవాటికి ఇంకో కాపీ ఎక్కడుందో రాయండి. నేను ఒక్కో బెంచీ దగ్గరికి వస్తాను. మొదట ఈ కిటికీ పక్క వరస.